ప్యాకెట్ చించకుండా రాత్రి భోజనం: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల చివర్లో "సాయంత్రం వంట మీకు ఎక్కడ కష్టమవుతోందో రాయండి" అని ఒక్క లైను రాశాను అంతే, ఈ నెల ఎడిటర్ గారు నాకు సంచీడు ఉత్తరాలూ ఫోను నిండా మెసేజ్‌లూ పంపించారు. ఊళ్ళు వేరు గానీ అన్నీ ఒకే ఇంట్లోంచి రాసినట్టున్నాయి. అన్నిటికీ జవాబివ్వడం నావల్ల కాదు, ఏడు తీసుకున్నాను.

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు: మేడమ్, నేను ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇంటికొచ్చేసరికి ఏడుంపావు, పిల్లలకి 9, 6 ఏళ్ళు, గుమ్మంలోనే ఆకలో అని మీద పడతారు. వారంలో మూడు నాలుగు రోజులు నూడుల్సే, లేదంటే ఫ్రీజర్‌లో నగ్గెట్స్ వేయించి సాస్ పోసి ఇస్తాను. మావారు "కేలరీలు కేలరీలే, ఏదైనా ఒకటే" అంటారు. నాకేమో రోజూ గిల్టీగా ఉంటోంది. అరగంటలో అయ్యేవి చెప్పండి, ప్లీజ్ చియా సీడ్స్ అని మాత్రం చెప్పొద్దు.

చెప్పనమ్మా, నా ఇంట్లోనూ లేవు అవి.

ముందు మీవారి మాట తేల్చేద్దాం. 2019లో అమెరికాలో ఎన్‌ఐహెచ్ అనే ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ళు ఇరవై మందిని ఒకేచోట ఉంచి రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, అంటే మన వంటింట్లో ఉండని సరుకులతో ఫ్యాక్టరీలో తయారయ్యేది, రెండు వారాలు మామూలు తిండి పెట్టి చూశారు. వడ్డించిన వాటిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండిట్లోనూ ఒకేలా వచ్చేట్టు చూసుకున్నారు, ఎవరికి ఎంత కావాలంటే అంత తినొచ్చు. ఫ్యాక్టరీ తిండి ఇచ్చిన రోజుల్లో మనుషులు రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తినేశారు, రెండు వారాల్లో కిలోకి కాస్త తక్కువ బరువు పెరిగారు. ఇరవై మందే కదా చిన్న స్టడీ అనొచ్చు, నిజమే, కానీ మీ పిల్లలు నూడుల్స్ గిన్నె ఖాళీ చేసి గంట తిరక్కుండా బిస్కెట్ల డబ్బా వెతుకుతున్నారా లేదా, అది మీవారినే ఓసారి గమనించమనండి.

ఇహ టైము సంగతి. ఓసారి పట్టుదలకొచ్చి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చూశాను. రెండు నిమిషాల నూడుల్స్ నలుగురికి ప్లేట్లో పడేసరికి పదకొండు నిమిషాలైంది, పొయ్యి పక్కనుంచి కదలడానికి లేదు. మర్నాడు పెసరపప్పు పులగం పెట్టాను, అదే కిచిడీ అనుకోండి. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు కడిగి, నాలుగున్నర గ్లాసుల నీళ్ళు, అల్లం ముక్క, జీలకర్ర, మిరియాలు, పసుపు, ఉప్పు, ఇంట్లో ఉన్న క్యారెట్టో పాలకూరో తరిగి పడేసి మూత పెట్టాను. మూడు విజిల్స్, ఆవిరి పోయాక నెయ్యి. మొత్తం ముప్ఫై నిమిషాలు పట్టింది గానీ నా చెయ్యి తగిలింది ఏడు నిమిషాలు, మిగతా టైమంతా కుక్కర్ దాని పని అది చేసుకుంది, నేను స్నానం చేసొచ్చాను. నేను ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేస్తూ వండాను, గడియారం నిమిషాలు వేరు, చేతి నిమిషాలు వేరు అని తెలిసేసరికి సగం సర్వీసు అయిపోయింది.

చేతి నిమిషాలు తగ్గించేది ముందు చేసి పెట్టుకున్నది. ఆదివారం ఒకసారి, బుధవారం ఒకసారి రెండు గ్లాసుల కందిపప్పు మెత్తగా ఉడికించి, ఉప్పు కారం ఏమీ వేయకుండా చల్లార్చి మూడు డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టేయండి. మూడు రోజులు ఏ ఢోకా లేకుండా ఉంటుంది. మొదటి రోజు టమాటాలు మగ్గించి కలిపితే టమాటా పప్పు. రెండోరోజు నీళ్ళు పోసి చింతపండు పులుసు, ములక్కాడ వేసి మరిగిస్తే పప్పుచారు. మూడోరోజు తోటకూరో చుక్కకూరో. పప్పు ఒక్కటే గానీ పిల్లలకి మూడు రోజులూ మూడు కూరల్లా అనిపిస్తుంది. చింతపండు గుజ్జు కూడా అంతే, ఒకేసారి నానబెట్టి తీసి కాస్త ఉప్పేసి చిక్కగా ఉడికించి సీసాలో పెట్టుకుంటే వారం వస్తుంది, రోజూ ఆ పిసుకుడు ఉండదు. పోపు గింజలన్నీ ఒకే డబ్బాలో కలిపేస్కోండి, ఆవాలు ఒక డబ్బా జీలకర్ర ఒక డబ్బా మినపప్పు ఒక డబ్బా అని మూతలు తీస్తూ కూర్చోకుండా.

పొడులు మర్చిపోవద్దు. మన పూర్వీకుల ఇన్‌స్టంట్ ఫుడ్ అదే కదా. కందిపొడికి వేయించాలి, దానికీ ఓపిక లేదంటే పుట్నాల పప్పు, ఎండుకొబ్బరి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కారం, ఉప్పు మిక్సీలో తిప్పేయండి, పొయ్యి వెలిగించే పనే లేదు. వేడన్నం, పొడి, నెయ్యి, పక్కన ఉడికించిన గుడ్డు, తర్వాత పెరుగన్నం. అది పూర్తి భోజనమే.

అసలు నాకు కోపం ఎక్కడంటే ఇక్కడే. పప్పు, కూర, చారు, పచ్చడి, అప్పడం, పెరుగు, ఇన్ని లేకపోతే భోజనం కాదని మనకి ఎవరో నూరిపోశారు. ఏడుంపావుకి వచ్చిన మనిషి ఇన్ని ఎలా చేస్తుంది, చెయ్యలేక నీరసం వచ్చి ఏదీ చెయ్యాలనిపించక ప్యాకెట్ చించుతుంది. నూడుల్స్‌కి పక్కన కూర ఏది అని ఎవరూ అడగరు చూశారా, ఒక్క గిన్నె, ఒక్క ఫోర్కు. పులగానికి కూడా ఆ మర్యాద ఇవ్వమనండి మీవారిని.

ఒక జాగ్రత్త. మిగిలిన అన్నం మన ఎండలకి రాత్రంతా గట్టు మీద వదిలేసి పొద్దున పులిహోర కలపొద్దు. కాస్త చల్లారగానే, గంట రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, తినేముందు పొగలు వచ్చేలా వేడి చెయ్యండి. వండిన అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విషం తర్వాత ఎంత వేడి చేసినా పోదు.

కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు: అక్కా నమస్తే. నా భార్య నర్సు, నెలల పది పన్నెండు నైట్ డ్యూటీలు పడ్తయ్. ఆ రోజులు ఇద్దరు పిల్లలకు వండి పెట్టుడు నా పనే. నాకు అన్నం పెట్టుడు, ఆమ్లెట్ వేసుడు తప్ప ఏం రాదు. ఆమ్లెట్ తిని తిని పిల్లలు మొఖం తిప్పుకుంటున్నరు. ఫ్రైడ్ రైస్ తెప్పిస్తే ఆమె పొద్దున వచ్చి డబ్బాలు చూసి కోపం చేస్తది. జల్ది అయ్యేటివి, నాసొంటోడికి వచ్చేటివి జెర చెప్పు.

తమ్ముడూ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మగవాళ్ళు రాసింది నీదొక్కటే, అందుకని నీకు రెండు చెప్తాను.

గుడ్డు వచ్చు అంటున్నావు కదా, ఆ గుడ్డుతోనే మొదలెట్టు. రెండు ఉల్లిపాయలు, నాలుగు టమాటాలు తరుగు, సన్నగా రాకపోయినా ఏం కాదు. మూకుట్లో నూనె, పోపు, ఉల్లి, టమాటా, ఉప్పు, పసుపు, కారం వేసి మూతపెట్టి మగ్గనివ్వు. గుజ్జయ్యాక దానిమీద ఐదు గుడ్లు పగలగొట్టి దూరదూరంగా పొయ్యి, గరిట పెట్టకు, మళ్ళీ మూత, సన్నమంట, ఐదారు నిమిషాలు. కొత్తిమీర చల్లు. అది అన్నంలోకీ బాగుంటుంది, రొట్టెలోకీ బాగుంటుంది. రొట్టె అంటే నిన్ను జొన్న రొట్టె చెయ్యమనను, నాకే ఇప్పటికీ అంచులు పగులుతాయి. సాయంత్రం పూట రోడ్డు పక్కన పెనం పెట్టుకుని రొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్ళు మీ వైపు బాగా ఉంటారు, నాలుగు కొనుక్కో. బయట కొన్నంత మాత్రాన అది అల్ట్రా ప్రాసెస్డ్ అయిపోదు, జొన్నపిండి, వేడినీళ్ళు, ఆమె చెయ్యి, అందులో ఇంకేమీ లేదు. ఈ సంగతి మీ ఆవిడకి కూడా చెప్పు, కానీ ఫ్రైడ్ రైస్ డబ్బాలు పక్కన పెట్టుకుని మాత్రం చెప్పకు.

రెండోది మీదే, పచ్చిపులుసు. నేను గోదావరి మనిషిని, ఇది నాకు మా ఆఫీసులో వరంగల్ అమ్మాయి నేర్పింది, అప్పట్నుంచి మా ఇంట్లో ఎండాకాలమంతా ఇదే. నిమ్మకాయంత చింతపండు వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి పిసికి మూడు గ్లాసుల పులుసు తియ్యి. రెండు పచ్చిమిర్చి మంట మీద కాల్చి ఉప్పుతో నలిపి వెయ్యి, పిల్లలు తింటారు కాబట్టి ఒకటే చాలేమో చూసుకో. పచ్చి ఉల్లిపాయ సన్నగా తరిగి చేత్తో కాస్త నలిపి వెయ్యి, కొత్తిమీర, జీలకర్ర, చిటికెడు బెల్లం. వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా కలిపితే చిక్కదనం వస్తుంది. పైన పోపు పెడితే పెట్టు లేకపోతే లేదు. మరిగించే పని అసలు లేదు. కుక్కర్లో అన్నం అవుతుండగానే ఇది అయిపోతుంది, పక్కన మెత్తటి ముద్దపప్పు ఉంటే ఇక గుడ్డు కూడా అక్కర్లేదు.

పెద్ద పిల్లాడిని చింతపండు పిసకమను. వాళ్ళు కలిపిన పులుసు బాగోలేదని వాళ్ళే అనలేరు.

కర్నూలు నుంచి ఒక లెక్చరర్: అల్ట్రా ప్రాసెస్డ్ అంటే ఏమిటో ముందు సరిగ్గా చెప్పండి. ప్యాకెట్ పాలు, దోసెల పిండి ప్యాకెట్, ఉప్మా మిక్స్, బ్రెడ్, ఆవకాయ, పిల్లలకిచ్చే మాల్ట్ పౌడర్, అన్నీ ప్యాకెట్లూ సీసాల్లోనే కదా వస్తున్నాయి?

మంచి ప్రశ్న, చాలామంది ప్యాకెట్ కనపడగానే భయపడుతున్నారు. ఈ మాట బ్రెజిల్ నుంచి వచ్చింది. సావోపాలో యూనివర్సిటీలో కార్లోస్ మోంటేరో అనే ప్రొఫెసర్ 2009లో ఈ ఆలోచన బయట పెట్టారు, తర్వాత దానికి నోవా అని పేరొచ్చింది. తిండిని నాలుగు గుంపులు చేశారు. మొదటిది ఉన్నదున్నట్టు లేదా కాస్త శుభ్రం చేసి, మరపట్టి, కాచి ఇచ్చేవి: బియ్యం, పప్పులు, కూరలు, గుడ్లు, పాలు. పాలు ప్యాకెట్లో వచ్చినా ఇందులోనే. రెండోది వంటలోకి వేసుకునేవి, నూనె, నెయ్యి, ఉప్పు, బెల్లం, చక్కెర. మూడోది ఆ రెండూ కలిపి చేసినవి, పనీరు, పచ్చళ్ళు వగైరా, మీ ఆవకాయ ఇందులోకొస్తుంది. నాలుగోది మన వంటింట్లో ఉండని సరుకులతో ఫ్యాక్టరీలో తయారయ్యేది. ఆ నాలుగోదే గొడవ.

కాబట్టి ప్యాకెట్ ముందువైపు బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పి పదార్థాల లిస్టు చదవండి. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలి, అది రూలు. దోసెల పిండి మీద బియ్యం, మినపప్పు, మెంతులు, నీళ్ళు, ఉప్పు అని ఉంటే మీ గ్రైండర్ పని ఇంకొకరు చేసిపెట్టినట్టే, హాయిగా కొనుక్కోండి. ఉప్మా మిక్స్‌లో రవ్వ, ఆవాలు, ఎండు ఉల్లి ఉంటే సరే, మాల్టోడెక్స్ట్రిన్, హైడ్రొలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్, 627, 631 అని ఉంటే అది నాలుగో గుంపు. 627, 631, 635 ఇవన్నీ రుచి పెంచడానికి, 471 లాంటివి నూనె నీరు కలిసి ఉండటానికి. అలాగని ప్రతి నంబరూ భూతం కాదు, 330 అంటే సిట్రిక్ యాసిడ్, నిమ్మకాయలో ఉండే పులుపే. నా లెక్క చాలా మోటు లెక్క, లిస్టులో మా అమ్మకి చూపిస్తే ఇదేమిటని అడిగే పేర్లు రెండు మూడు ఉంటే అక్కడే పెట్టేస్తాను. షాపులో బ్రెడ్ చాలావరకు నాలుగో గుంపే. మాల్ట్ పౌడర్ల సంగతి, 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ షాపుల వాళ్ళకి వీటిని "హెల్త్ డ్రింక్స్" కింద పెట్టొద్దని చెప్పింది, అంతకన్నా నేను చెప్పేదేముంది, పాలల్లో కాస్త రాగిజావ కలిపివ్వండి.

మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024 మే నెలలో 17 సూచనలతో కొత్త గైడ్‌లైన్స్ ఇచ్చారు, అందులో అల్ట్రా ప్రాసెస్డ్ తగ్గించమని విడిగా చెప్పారు. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటొద్దని కూడా ఉంది, అంటే ఒక టీస్పూను, కాబట్టి ఆవకాయ మూడో గుంపు కదా అని ముద్దముద్దకీ నంచుకునే వాళ్ళు, నాతో సహా, కాస్త ఆలోచించుకోవాలి.

మీది కర్నూలు కాబట్టి మీకు ఉగ్గాని నేను నేర్పక్కర్లేదు గానీ కృష్ణకి ఇటువైపు వాళ్ళకి తెలీదు, వాళ్ళకోసం చెప్తాను. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్ళలో ముంచి వెంటనే పిండి తీసి, ఉల్లి, పచ్చిమిర్చి, పసుపు పోపులో కలిపి పైన పుట్నాల పొడి చల్లడమే. పది నిమిషాలు. బజ్జీ లేకుండా ఉగ్గాని ఏమిటని మీరు అడుగుతారని తెలుసు, వారం మధ్యలో బజ్జీ వద్దు లెండి.

టెక్సస్, ఇర్వింగ్ నుంచి ఒక పాఠకురాలు: హాయ్ ఆంటీ, మేమిద్దరం వర్క్ చేస్తాం, బాబుకి 4 ఏళ్ళు. ఇండియన్ స్టోర్‌కి రెండు వారాలకోసారే వెళ్తాం. ఫ్రెష్ కూరలు నాలుగు రోజులకే వాడిపోతాయి, తర్వాత ఫ్రోజెన్ పరాటాలు, రెడీ టు ఈట్ కర్రీలే. ఫ్రోజెన్ బెండకాయ, క్యాన్ శనగలు వాడొచ్చా? మా అమ్మ ఫోన్లో అవన్నీ విషం అంటోంది.

మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పి, ఈసారికి నన్ను క్షమించమనమ్మా. ఫ్రోజెన్ బెండకాయ, పాలకూర, బీన్స్, బఠాణీ కోశాక త్వరగా గడ్డకట్టించినవే, ప్యాకెట్ మీద ఆ కూర పేరు తప్ప ఇంకేం లేకపోతే అవి మొదటి గుంపే. సాస్‌తో కలిపి వచ్చేవి కాదు, ఒట్టి కూరలు. వాడిపోయిన ఫ్రెష్ బెండకాయ కన్నా అవే నయం. క్యాన్ శనగల్లో శనగలు, నీళ్ళు, ఉప్పు ఉంటే వడకట్టి కడిగి వాడుకో, ఉప్పు కొంత పోతుంది. పరాటాలూ టోర్టియాలూ మాత్రం వెనక లిస్టు చదివి కొను, కొన్నిట్లో పిండి, నూనె, ఉప్పుతో అయిపోతుంది, కొన్నిట్లో లిస్టు గ్రోసరీ బిల్లంత ఉంటుంది.

మీ దగ్గర ఇన్‌స్టంట్ పాట్, అదే కరెంటు ప్రెషర్ కుక్కర్, ఉండే ఉంటుంది. నానబెట్టిన కందిపప్పు, పసుపు, నీళ్ళు, ఫ్రోజెన్ పాలకూర అడుగున వేసి, స్టాండ్ మీద గిన్నెలో బియ్యం నీళ్ళు పెట్టి 8 నిమిషాలు హై ప్రెషర్, ఆవిరి దానంతటది పోయేదాకా వదిలెయ్యి. బాబుని డేకేర్ నుంచి తెచ్చి బూట్లు విప్పి చేతులు కడిగేలోపు అన్నమూ పప్పూ రెండూ అవుతాయి, పోపు ఒక్కటే నీ పని. దోసెల పిండి చలికాలం పులవట్లేదని అక్కడి పిల్లలు రాస్తుంటారు, అదే పాట్‌లో యోగర్ట్ మోడ్ పెట్టి మామూలు గాజు మూతతో పది పన్నెండు గంటలు వదిలితే పొంగుతుంది, సగం గిన్నెకి మించి పొయ్యకు, లేకపోతే పొద్దున్నే దాన్ని తుడవడానికి ఆఫీసుకి లీవు పెట్టాలి. పులియబెట్టే ఓపికే లేదంటే పెసరట్టు. పొద్దున వెళ్తూ పెసలు నానబెట్టు, సాయంత్రం అల్లం, పచ్చిమిర్చి, గుప్పెడు బియ్యంతో రుబ్బి వెంటనే పోసుకో. నాలుగేళ్ళ పిల్లాడికి చిన్న చిన్నవి పొయ్యి, చేత్తో పట్టుకుని తింటాడు.

రాజమండ్రి నుంచి ఒక మామ్మగారు: నా వయసు 68. సెలవులకి మనవలు హైదరాబాద్ నుంచి వస్తే సూట్‌కేసులో బట్టలకన్నా చిప్స్ ప్యాకెట్లు ఎక్కువ. నేను చేసిన సున్నుండ వాసన చూసి పక్కన పెట్టేశారు. కోడలిని ఏమన్నా అంటే గొడవ. ఏం చెయ్యమంటావు?

కోడల్ని ఏమీ అనకండి అక్కగారూ, అది మొదటి పని. పాపం ఆ అమ్మాయి ఉత్తరం కూడా పైన విజయవాడ ఉత్తరంలాగే ఉండి ఉంటుంది.

రెండోది, పిల్లలకి చిప్స్‌లో నచ్చేది ముఖ్యంగా ఆ కరకరా, ఆ కారం. సున్నుండ మెత్తగా తియ్యగా ఉంటుంది, దానికీ దీనికీ పోటీ పెడితే సున్నుండే ఓడుతుంది. మరమరాలు వేయించి పల్లీలు, పుట్నాలు, కరివేపాకు, పసుపు, కారంతో కలిపి పెద్ద డబ్బాకి పోయండి, పది నిమిషాల పని, వారం కరకరలాడుతుంది. సాయంత్రం నాలుగింటికి వాళ్ళు అడక్కముందే ఏదో ఒకటి గిన్నెలో పెట్టి టీవీ ముందు ఉంచి మీరు వెళ్ళిపోండి, తినండి తినండి అని వెనకపడొద్దు. పచ్చి వేరుశనక్కాయలు ఉప్పేసి ఉడకబెట్టినవి, శనగల గుగ్గిళ్ళు, కాల్చిన మొక్కజొన్న పొత్తు, జామకాయ ముక్కల మీద ఉప్పు కారం. ఎండాకాలమైతే మీ ఊళ్ళో ముంజలు దొరుకుతాయి, హైదరాబాద్‌లో అవి ఎంత ధరో మీ మనవలకి తెలిస్తే అప్పుడు విలువిస్తారు. వాళ్ళు తెచ్చిన ప్యాకెట్లు దాచేయకండి, దాస్తే వాటికి ఇంకా గ్లామర్ వస్తుంది.

సున్నుండలు మీరు తినేయండి, లేదా నాకు పంపండి.

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు: ప్రతి నెలా మీరు "ఆదివారం రెండు గంటలు కేటాయించండి, వారమంతా హాయి" అని రాస్తారు. ఆ ఆదివారం ఎవరిది మేడమ్? ప్యాకెట్ ఫుడ్ వద్దు అంటే ఆడవాళ్ళని మళ్ళీ పొయ్యి ముందుకి తోలడమే కదా. నాకైతే కోపం వచ్చింది.

రావాల్సిందే. ఈ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను, ఎందుకంటే నా ముప్ఫై ఏళ్ళ ఆదివారాలు అలాగే పోయాయి, అప్పుడు నాకది త్యాగంలా కూడా అనిపించలేదు, అలవాటు అంతే. మన దేశంలో 2019లో ప్రభుత్వం టైమ్ యూజ్ సర్వే చేసింది. ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు అప్పట్లో రోజుకి సగటున 299 నిమిషాలు వాటికి పెట్టేవాళ్ళు, మగవాళ్ళు 97 నిమిషాలు, అది కూడా అసలు ఏదో ఒక ఇంటి పని చేసే మగవాళ్ళ లెక్క. వాళ్ళే నూటికి 26 మంది, ఆడవాళ్ళు 81 మంది. ఇలాంటి ఇంట్లో నూడుల్స్ ప్యాకెట్ అంటే ఒక ఆడమనిషి ఒక పూట కూర్చోవడం, అంతే. దాన్ని లాక్కుని పొడులు కొట్టుకో అనడం అన్యాయమే.

కాబట్టి నా పాత సలహాని మారుస్తున్నాను. ఆదివారం అనే మాట తీసేస్తున్నాను, దాని బదులు ఏ పని ఎవరిది అనేది పేరు పెట్టి చెప్పండి. పొద్దున పెసలు నానబెట్టడం పదేళ్ళ పిల్లాడి పని, రెండు నిమిషాలు. కుక్కర్ పెట్టడం ఇంటికి ముందొచ్చిన వాళ్ళ పని, అది భర్తయినా సరే. "హెల్ప్ చెయ్యనా" అని అడిగేవాళ్ళకి పని ఇవ్వకండి, ఆ అడగడంలోనే పని మీది అనే లెక్క ఉంది, మంగళ శుక్రవారాలు మొత్తం నీవి అని ఇచ్చేయండి. ఏం వండాలి అని ఆలోచించే పని కూడా ఆ రోజు వాళ్ళదే. మొదటి నెల మాడిన పప్పు తినాల్సి వస్తుంది, తినండి, బాగుంది అని మాత్రం అబద్ధం చెప్పకండి.

ఇంకోటి, కర్రీ పాయింట్. మన ఊళ్ళలో సందుకొకటి ఉంది, ఇంట్లో అన్నం పెట్టుకుని అక్కడ ఒక పప్పు, ఒక వేపుడు కొనుక్కోవడం చిన్నతనమేమీ కాదు. నూనె, ఉప్పు కాస్త ఎక్కువే ఉంటాయి, అయినా అది ఎవరో ఆ పొద్దున కూరగాయలు తరిగి వండిన వంటే. వేపుడు తగ్గించి పప్పో పులుసో తీసుకోండి. ఎప్పుడైనా ఏమీ చేతకాని రోజు నూడుల్సే తిన్నారనుకోండి, తినేసి గిన్నె కడిగి పడుకోండి, నాకు ఉత్తరం రాయక్కర్లేదు.

శ్రీకాకుళం నుంచి ఒక పాఠకురాలు: మీరు పోయిన నెల రాసిన ఉప్పుడు పిండి చేశాను. గ్లాసు రవ్వకి మూడు గ్లాసుల నీళ్ళన్నారు, జావ అయ్యింది. మావారు గ్లాసులో పోసిమ్మన్నారు.

తప్పు నాదేనమ్మా, రెండు అని రాయబోయి మూడు రాశాను, అచ్చయ్యాక చూసి నాలుక్కరుచుకున్నాను. గ్లాసు బియ్యపు రవ్వకి రెండు గ్లాసుల నీళ్ళు, అంతే. మందపాటి గిన్నెలో కాస్త ఎక్కువ నూనెతో పోపు పెట్టి, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ, అరగంట నానిన పెసరపప్పు గుప్పెడు వేసి నీళ్ళు మరిగాక ఉప్పేసి రవ్వ పోసి ఓసారి కలిపి మూత పెట్టి మంట బాగా తగ్గించండి. పావుగంట మూత తియ్యకండి, కలపకండి, ఫోను తీసుకుని హాల్లోకి వెళ్ళిపోండి. కొబ్బరి కోరు ఉంటే చివర్లో చల్లండి, పక్కన చింతకాయ పచ్చడి ఉంటే ఇంకేం వద్దు. అడుగున ఎర్రగా మాడు కడుతుంది, దాన్ని నీళ్ళు పోసి నానబెట్టేయొద్దు, అట్లకాడతో గీకి తియ్యండి, మా ఇంట్లో ఇప్పటికీ దానికోసమే గొడవ, మొన్న మా పెద్దాడు నలభై దాటినవాడు వాళ్ళ కూతురితో పోట్లాడి మరీ తిన్నాడు.